రెండో చుట్టు

మళ్లీ వచ్చేశాడు!

ఎన్నిసార్లు చెప్పాలండీ ఒక మనిషికి? చెల్లెమ్మ కళ్లు మూసుకుని, బేస్ మెడ మీద చెయ్యి పెట్టుకుని, మొదటి చుట్టు ముగించి రెండో చుట్టులోకి అడుగు పెట్టబోతోంది. అంతే, పియానో మీద పది వేళ్లూ ఒక్కసారిగా దిగాయి. వాళ్ల అన్నయ్యవి. దిగడమంటే అలా ఇలా కాదు, తన ఇంట్లోకి తను వచ్చినట్టు, తలుపు కూడా తట్టకుండా.

చెల్లెమ్మ తీగల మీద అరచేత్తో ఒక్కటిచ్చింది. గదంతా ధన్‌మంది. డ్రమ్స్ దగ్గర ఆమె మొగుడు కర్రలకి బదులు పట్టుకున్న సన్న తీగల బ్రష్‌లు గాల్లోనే ఆపేశాడు. అన్నయ్య మాత్రం ఇంకో రెండు వరసలు తాపీగా వాయించి, అప్పుడు తలెత్తి, "ఏమైందే?" అన్నాడు.

ఏమైందే, అట! ఏమీ ఎరగనట్టు!

ముందు ఈవిడెవరో చెప్పాలి. ఆ ఊళ్లో జాజ్ వినేవాళ్లు గుప్పెడు మంది. ఆ గుప్పెడు మందిలో ఈమెని ఎరగనివాళ్లు లేరు గానీ, అందరికీ ఈమె చెల్లెమ్మే. అన్నయ్య పియానో వాయిస్తాడు, పేరున్నవాడు, ఆయన చెల్లెలు కాబట్టి చెల్లెమ్మ. ఆమె కంటే పెద్దవాడైన హోటల్ మేనేజరూ చెల్లెమ్మ అంటాడు, ఆమె కొడుకు వయసున్న ట్రంపెట్ కుర్రాడూ చెల్లెమ్మ అనే అంటాడు. పోస్టర్ మీద అన్నయ్య పేరు జానెడు అక్షరాల్లో ఉంటుంది, దాని కింద 'మరియు బృందం' అని ఉంటుంది. ఆ మరియులో ఉండే మనిషి ఈవిడ.

వాయించేది నిలువు బేస్, నిలబెట్టిన పెద్ద వయొలిన్ లాంటిది. మనిషి కంటే ఎత్తుంటుంది. పక్కన నిలబడి, దాన్ని ఒంటికి ఆనించుకుని, లావుపాటి తీగల్ని వేళ్లతో మీటాలి. వేళ్ల చివర్లు కాయలు కాస్తాయి, ఆ చర్మం ఊడిపోతుంది, దాని కింద ఇంకో చర్మం కాయ కాస్తుంది. పాట మొత్తం ఆ మోత మీద నిలబడి ఉంటుంది. కానీ అది ఉన్నంతసేపూ ఎవరికీ పట్టదు. అది ఆగిన రోజు మాత్రం వాయించేవాళ్లందరూ బోర్లా పడతారు.

ఇన్నాళ్లకి, యాభై దాటాక, ఆమె పేరు మీద ఒక ఆల్బమ్. పాటలన్నీ ఆమె కట్టినవే. స్టూడియో మాట్లాడుకున్నదీ ఆమే, పియానో శృతి చేయించిందీ ఆమే, అందరికీ టీలు తెప్పించిందీ ఆమే. చివరి పాట తప్ప అన్నీ అయిపోయాయి. వాటన్నిట్లో ఎప్పట్లాగే కింద నుంచి మోసింది. ఈ ఒక్క పాటా తన కోసమని దాచుకుంది. పాటని మొదలు నుంచి చివరి దాకా ఒకసారి తిప్పితే దాన్నొక చుట్టు అంటారు. పియానోకి ఐదారు చుట్లు ఉంటాయి, మనసు పుడితే అన్నయ్య ఏడో చుట్టు కూడా లాగిస్తాడు, ఎవరూ అడగరు. బేస్‌కి ఒక్కటి, అదీ దయ తలిస్తే. ఈ పాటలో బేస్‌కి రెండు చుట్లు, ఆ తర్వాతే పియానో అని ఆమె కాగితం మీద రాసిచ్చింది. నోటితో చెప్పింది. పొద్దున టీ తాగుతూ మళ్లీ చెప్పింది. రెండు చుట్లు! ఆస్తులడిగిందా, అంతస్తులడిగిందా?

రేపటి నుంచి స్టూడియోలోని ఆ హాలు ఎవరో ప్రకటనల కంపెనీ చేతిలోకి పోతుంది. మళ్లీ ఎప్పుడు ఖాళీ అవుతుందో స్టూడియో వాళ్లకే తెలీదు. కాబట్టి ఇవాళ సాయంత్రంలోగా ఆ రెండో చుట్టు రికార్డు కావాలి. కాకపోతే, సొంత ఆల్బమ్‌లో కూడా ఆమెకి మిగిలేది ఆ ముష్టి ఒక్క చుట్టే.

"రెండు చుట్లని చెప్పాను కదా అన్నయ్యా!"

"చెప్పావే. కానీ నువ్వు ఆపేశావనుకున్నాను."

"నేనెక్కడ ఆపాను?"

"ఆపినట్టే వినిపించింది మరి. నాకూ చెవులున్నాయి."

"ఉన్నాయి. అవి నీ చేతుల్ని తప్ప ఇంకెవర్నీ వినవు."

అన్నయ్య నవ్వాడు. ఆ నవ్వు చూస్తేనే ఆమెకి ఒళ్లు మండుతుంది. చిన్నపిల్ల అలిగి అన్నం మానేస్తానంటే పెద్దవాళ్లు నవ్వుతారే, అదీ ఆ నవ్వు. "ఏం బావా, నువ్వైనా చెప్పు" అని డ్రమ్స్ వైపు తిరిగాడు.

ఆ బావగారున్నాడే, ఆయనది గోడ మీద పిల్లి వాటం. పెళ్లాం ఒకవైపు, పెళ్లాం అన్న ఒకవైపు, మధ్యలో తన డ్రమ్స్. "నేను తాళం చూసుకుంటున్నాను, అంతగా గమనించలేదు" అని నీళ్లు నమిలాడు. పచ్చి అబద్ధం! డ్రమ్స్ వాయించేవాడు గమనించకపోవడమేమిటి?

"నువ్వు మాట్లాడకు" అంది చెల్లెమ్మ మొగుడితో. మామూలుగా నలుగురిలో ఆయన్ని మీరు అంటుంది. కోపమొస్తే నువ్వులోకి దిగుతుంది. ఇంకా ఎక్కువైతే అసలు పిలవడమే మానేస్తుంది. మధ్యాహ్నం భోజనాల వేళకే నువ్వులోకి దిగిపోయింది.

అన్నయ్య రికార్డింగ్ గది అద్దం వైపు చెయ్యి ఊపాడు. "ఇంత రాద్ధాంతం దేనికి? ఆ ముక్కలో నా పియానో తీసెయ్యండి, అయిపోతుంది."

అద్దం అవతల చిన్న గదిలో, మీటల బల్ల ముందు, స్టూడియో ఆవిడ కూర్చుని ఉంది. ఆ స్టూడియో ఆవిడదే, రికార్డింగ్ చేసేదీ ఆవిడే. ఒళ్లో ఎప్పుడూ ఒక బిస్కెట్ పాకెట్ ఉంటుంది. మాట కత్తిరించినట్టుంటుంది. గోడకున్న స్పీకర్లోంచి ఆవిడ గొంతు వచ్చింది. "కుదరదు సార్. ముగ్గురూ అడ్డు లేకుండా ఒకే గదిలో వాయిస్తున్నారు. మీ పియానో ఆవిడ మైకులోకి కూడా వెళ్లిపోయింది. మిమ్మల్ని తీస్తే ఆవిడా పోతుంది."

ఒకే గదిలో వాయిద్దామని పట్టుబట్టింది చెల్లెమ్మే. ఒక్కొక్కర్ని ఒక్కో గదిలో పెట్టి, చెవులకి డొప్పలు తగిలించి, ఎవరి ముక్క వాళ్లది విడిగా తీసుకోవడమంటే ఆమెకి పరమ అసహ్యం. కలిసి వాయించడమంటే ఒకరి ఊపిరి ఒకరికి వినపడాలంటుంది. ఇదిగో, బాగా వినపడుతోంది ఇప్పుడు!

అన్నయ్య చెడ్డవాడా అంటే, అబ్బే. అక్కడే కదండీ కడుపు మండేది. చెడ్డవాడైతే ఏనాడో తెగతెంపులైపోయేవి, ఎవరి దారిన వాళ్లు బతికేవాళ్లు.

హోటళ్లలో, బార్లలో ఎలా ఉంటుందో మీకు తెలియాలి. పియానో మోగినంతసేపూ జనం తలలూపుతూ వింటారు. బేస్ ఒంటరిగా మోగే సోలో మొదలైందా, గ్లాసులు కదులుతాయి. వెయిటర్ని పిలుస్తారు. 'మీ అమ్మాయి పరీక్షలు ఎలా రాసింది' అని ఒకరు, 'ఆ స్థలం సంగతేమైంది' అని ఇంకొకరు. ముందు గుసగుసలు, కాసేపటికి గుసగుసలు కూడా ఉండవు, శుభ్రంగా మాటలే. జాజ్ వాయించే ప్రతి ఊళ్లోనూ ఇదే భాగోతం, దీని మీద జోకులు కూడా ఉన్నాయి. ఆ జోకులు చెప్పి నవ్వేవాళ్లలో బేస్ వాయించేవాళ్లు మాత్రం ఉండరు.

చెల్లెమ్మ మొట్టమొదటిసారి నలుగురి ముందు సోలో వాయించిన సాయంత్రం, ముందు బల్ల దగ్గర ఒక బట్టతలాయన కూర్చున్నాడు. పియానో ఆగి బేస్ మొదలవ్వగానే పక్క బల్ల వాళ్లతో, "హమ్మయ్య, ఇక మాట్లాడుకోవచ్చు!" అన్నాడు. గట్టిగానే అన్నాడు. గదంతా గొల్లుమంది. అప్పటికి ఈమెకి ఇరవై కూడా లేవు. తల కొట్టేసినట్టయింది. ఏ తీగ ఎక్కడుందో తెలియలేదు. అప్పుడు అన్నయ్య రెండు చేతులతో పియానో మీద విరుచుకుపడ్డాడు. ఆ నవ్వులు, ఆ మాటలు, బట్టతలాయన, అంతా ఆ మోతలో మునిగిపోయింది. ఇంటికెళ్తూ దారిలో ఆమె అన్నయ్య చెయ్యి పట్టుకుని ఏడ్చింది. బతికించావు అన్నయ్యా అంది. నిజంగానే అంది, దాచడమెందుకు?

అదిగో, ఆ మాటే కొంప ముంచింది. ఆ రోజు నుంచి ఆయన చెల్లెల్ని కాపాడటం ఒక ఉద్యోగంగా పెట్టుకున్నాడు. మొదటి చుట్టు ముగిసేసరికి దిగిపోతాడు. జనం మాట్లాడినా దిగుతాడు, నోళ్లు మూసుకుని విన్నా దిగుతాడు. ఒకసారి ఒక చిన్న హాల్లో జనం నిజంగానే నిశ్శబ్దంగా విన్నారు, ముందు వరసలో ఒక ముసలావిడ ముందుకి వంగి మరీ వింది. అప్పుడూ దిగాడు. ఆ ముసలావిడ మొహంలో నిరుత్సాహం చెల్లెమ్మ ఇప్పటికీ మర్చిపోలేదు. సరే, అవన్నీ వదిలేయండి. ఇక్కడ, ఈ స్టూడియోలో జనమెక్కడున్నారు? కిటికీకి రెండు దుప్పట్లు, నేల మీద వెలిసిపోయిన తివాచీ, ఒక గోడ గడియారం. ఎవరి నుంచి కాపాడుతున్నాడండీ ఈ మహానుభావుడు?

"ఇంకోసారి" అంది చెల్లెమ్మ. "ఈసారి నేను నిన్ను చూసి తలూపేదాకా నీ చేతులు ఒళ్లో ఉండాలి. అర్థమైందా?"

"సరేనమ్మా తల్లీ, సరే."

కింద టైర్ల షాపులో గాలి మిషన్ మొదలైంది. అది మోగినంతసేపూ రికార్డింగ్ ఆపాల్సిందే. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూడకుండా కూర్చున్నారు. మిషన్ ఆగింది. తలుపు మీద ఎర్ర లైటు వెలిగింది.

పాట బాగానే మొదలైంది. బాగానే ఏమిటి, అప్పటిదాకా తీసిన అన్నిట్లోకీ బాగుంది. పియానో పల్లవి వాయించి పక్కకి తప్పుకుంది. చెల్లెమ్మ తన చుట్టు అందుకుంది, కళ్లు మూసుకోకుండా అన్నయ్యని గుడ్లురిమి చూస్తూ వాయించింది. చుట్టు చివరికొచ్చింది. అన్నయ్య కుడిచెయ్యి ఒళ్లోనే ఉంది. హమ్మయ్య అనుకుంది. అప్పుడు ఎడమచెయ్యి పైకి లేచింది. మెత్తగా, జబ్బు మనిషి వీపు వెనక దిండు పెట్టినట్టు, ఒక్క మెట్టు నొక్కింది.

"అదేమిటి?" బేస్ ఆపి అరిచింది చెల్లెమ్మ. "అదేమిటని అడుగుతున్నాను!"

"ఏం లేదే. ఊరికే, కింద ఆసరాగా ఉంటుందని..."

"ఆసరా ఎవరడిగారు నిన్ను?"

"ఖాళీగా ఉందే అక్కడ."

"ఖాళీ ఏమిటి? నేనున్నాను అక్కడ!"

గోడలకి కొట్టిన మెత్తల వల్ల గానీ లేకపోతే ఆ కేక కింద టైర్ల షాపు దాకా వినపడేది. అన్నయ్య నవ్వు పోయింది. ఆయన నోరు తెరిచేలోపు డ్రమ్స్ వైపు నుంచి దగ్గు వినిపించింది.

"ఒక మాట చెప్పనా?" అన్నాడు మొగుడు. "కోప్పడకూడదు మరి."

"కోప్పడతాను. చెప్పు."

"మీ అన్నయ్య తనంతట తను రావట్లేదు. నువ్వే పిలుస్తున్నావు."

చెల్లెమ్మ ఆయన వైపు తిరిగిన తీరుకి ఇంకొకరైతే కుర్చీ వదిలి పారిపోయేవాళ్లు. ఆయన మాత్రం, ఎక్కడి నుంచి వచ్చిందో ధైర్యం, చెప్పుకుంటూ పోయాడు. "చుట్టు చివర్లో నువ్వొకటి వాయిస్తావు చూడు. పై నుంచి జారుకుంటూ అడుగు తీగ దాకా దిగిపోయి, అక్కడ ఒక్కటి గట్టిగా మీటి వదిలేస్తావు. ఎప్పుడూ అంతే. అది వినగానే నాకూ చెయ్యి లేస్తుంది. నా పని అయిపోయింది, ఇక రండి అన్నట్టుంటుంది. ఇప్పుడు కూడా అదే వాయించావు."

"అబద్ధం."

"ఆవిణ్ని వెయ్యమను. వినిపిస్తుంది."

స్టూడియో ఆవిడ వేసింది. పొద్దుటి నుంచి తీసినవన్నీ, ఒక్కోదాన్లో ఆ చివరి ముక్క మాత్రం, వరసగా వేసింది. మొదటిదాన్లో ఉంది. రెండోదాన్లో ఉంది. అన్నిట్లోనూ ఉంది. పై నుంచి జారుకుంటూ కిందికి, ఆ తర్వాత ఒక్కటి గట్టిగా. ఆ వెంటనే పియానో. ఇందాక గుడ్లురిమి చూస్తూ వాయించినదాన్లో కూడా, కళ్లు వద్దు వద్దంటుంటే వేళ్లు మాత్రం రా అన్నయ్యా రా అంటూ కిందికి దిగిపోయాయి.

ఇది వీళ్లు ముగ్గురే చెయ్యగలిగిన తప్పు. కొత్త పియానో మనిషి ఎవరైనా అయితే కాగితం చూసి, రెండు చుట్లు లెక్కపెట్టుకుని, బుద్ధిగా ఆగేవాడు. వీళ్లు ఇన్నేళ్లుగా కాగితం చూడటం మానేశారు. ఒకరి చేతులు ఒకరికి చెవుల్లో ఉంటాయి. ఎవరు నోటితో ఏం చెప్పినా, చేతులు చెప్పేదే నమ్ముతారు.

చెల్లెమ్మకి ఒక్కసారిగా సిగ్గూ కోపమూ కలిసి ముంచుకొచ్చాయి. ఇన్నేళ్లుగా అన్నయ్య మీద పళ్లు నూరుతోంది. ఇన్నేళ్లుగా తనే తలుపు తీసి పిలుస్తోంది! "ఛీ" అంది. ఎవర్నీ కాదు, తన కుడిచేతిని చూసి అంది. తర్వాత మొగుణ్ని చూసి, "ఇన్నాళ్లూ నోట్లో ఏం పెట్టుకున్నావు?" అంది. ఆయన బ్రష్‌లు సర్దుకున్నాడు.

అంతటితో ఊరుకుని ఉంటే ఎలా ఉండేదో. కానీ అన్నయ్య ఊరుకోలేదు. పియానో బెంచీ మీద వెనక్కి వాలి, "చూశావా? నా తప్పేం లేదు" అన్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకి.

"లే" అంది.

"ఏంటి?"

"అక్కణ్నుంచి లే అన్నయ్యా. వెళ్లి అద్దం అవతల కూర్చో. నువ్వు ఆ బెంచీ మీద ఉన్నంతసేపూ నా చెయ్యి నిన్ను పిలుస్తూనే ఉంటుంది. ఈ పాట నువ్వు లేకుండా వాయిస్తాను."

"పియానో లేకుండానా? వట్టి బేసూ డ్రమ్సూనా? ఎవరు వింటారే?"

"నేను వింటాను."

"నీకు మొదటి స్వరం నేర్పిందెవరు? ఈ బేస్ కొనిపెట్టమని నాన్నతో నెల్లాళ్లు పోట్లాడిందెవరు?"

"నువ్వే. అందుకే ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను. లే."

అన్నయ్య మొహం ఎర్రబడింది. ఆయన కూడా మనిషే, ఆయనకీ ముక్కు మీదే ఉంటుంది కోపం. వాళ్లింట్లో అందరికీ అంతే. "ఒకటి చెప్తాను విను" అన్నాడు. "ఈ ఆల్బమ్ ఎవరైనా కొంటే నా పేరు చూసి కొంటారు. నీ పేరేమిటో సగం మందికి తెలియను కూడా తెలియదు."

 మాట నోరు దాటాక ఆయనకే తెలిసినట్టుంది, ఏమన్నాడో. కానీ వెనక్కి తీసుకునే రకం కాదు. చెల్లెమ్మకి కళ్లు చెమర్చాయి, చెమర్చినందుకు ఇంకా మండింది.

"కొనకపోతే పోనీ" అంది.

అన్నయ్య లేచాడు. పియానో మూత దభీమని వేశాడు. గది దాటి, అద్దం అవతలికి వెళ్లి, స్టూడియో ఆవిడ పక్క కుర్చీలో, చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"నువ్వూ వెళ్తావా?" అంది చెల్లెమ్మ మొగుడితో.

"నేనెక్కడికెళ్తానే. ఈ డ్రమ్స్ మొయ్యాలంటే వ్యాను కావాలి."

ఇంకో రోజైతే నవ్వేది. ఆ రోజు నవ్వలేదు. బేస్‌ని దగ్గరికి లాక్కుంది. ఎర్ర లైటు వెలిగింది.

పాట పల్లవి తనే వాయించింది, పియానో వాయించాల్సింది కూడా తన తీగల మీదే. వెనక బ్రష్‌లు మెల్లగా రాసుకుంటున్నాయి. పియానో లేని గది చాలా పెద్దదిగా ఉంది. మొదటి చుట్టు అందుకుంది. అది ఆమెకి తెలిసిన దారే, ఎక్కడ తిరగాలో, ఎక్కడ ఆగాలో వేళ్లకే తెలుసు. చివరికొచ్చింది. చెయ్యి పైకి వెళ్లింది, జారడం మొదలెట్టింది. ఆమె సగంలో తీగని నొక్కి పట్టేసింది. చెయ్యి వినలేదు, కిందికి లాగింది. ఇంకా గట్టిగా నొక్కింది. తీగ గర్‌మని మొరాయించి ఆగిపోయింది.

రెండో చుట్టు మొదలైంది. బ్రష్‌లు నడుస్తున్నాయి. ఆమె దగ్గర ఏమీ లేదు.

ఏమీ లేదంటే ఏమీ లేదు. ఇన్నేళ్లలో ఎప్పుడూ ఇక్కడిదాకా వచ్చింది కాదు. కలలు కన్నది, బస్సుల్లో కూర్చుని ఊహించుకుంది, దీని కోసం పోట్లాడింది, అన్నని లేపి బయటికి పంపింది. తీరా వచ్చాక ఇక్కడ ఏం వాయించాలో తెలియదు. ఒక స్వరం మీటింది, అది తప్పు. ఇంకోటి మీటింది, అదీ తప్పే. పాటలో ఎక్కడుందో లెక్క తప్పింది.  దిక్కు తోచక తలెత్తి అద్దంలోకి చూసింది.

అన్నయ్య మాట్లాడుతున్నాడు.

స్టూడియో ఆవిడ వైపు ఒరిగి, చెయ్యి ఆడిస్తూ, ఏకధాటిగా మాట్లాడుతున్నాడు. అద్దం వల్ల మాట వినపడదు, నోరు ఆడటం మాత్రం కనపడుతోంది. ఇక్కడ తను ప్రాణం మీదికి తెచ్చుకుని వాయిస్తుంటే, అక్కడ కబుర్లు! బేస్ మొదలవ్వగానే కబుర్లు! నువ్వు కూడానా అన్నయ్యా? నువ్వు కూడానా?

ఆమె నిలువెల్లా మండిపోయింది. ఆ మంటతోనే తీగని లాగి కొట్టింది. అది వెళ్లి చెక్కకి తగిలి చర్రుమంది. మళ్లీ అదే తీగ, అదే స్వరం. మళ్లీ. అందంగా లేదు, అందంగా ఉండాలని ఆమెకీ లేదు. ఆ స్వరాన్ని పట్టుకుని వదల్లేదు, దాని పక్కనున్నదాన్ని లాక్కొచ్చి దానికి గుద్దింది. అప్పుడు వెనక బ్రష్‌ల చప్పుడు ఆగి కర్రల చప్పుడు మొదలైంది. గోడ మీద పిల్లి కిందికి దూకాడు! ఇద్దరూ కలిసి పాట మీద పడ్డారు. ఎక్కడో లెక్క దొరికింది. ఎలా దొరికిందో ఆమెకి తెలియదు, వెతకడం మానేశాక దొరికింది. చూపుడు వేలి చర్మం లేచిపోయింది. చుట్టు చివరికొచ్చేసరికి చెయ్యి కిందికి దిగలేదు. పైకి ఎక్కింది, ఇంకా పైకి, బేస్‌లో గొంతు సన్నబడిపోయే చోటికి వెళ్లి, అక్కడ ఆగింది. ఆపైన పల్లవి ఒక్కసారి వాయించి వదిలేసింది.

ఎర్ర లైటు ఆరీ ఆరగానే బేస్‌ని నేల మీద పడుకోబెట్టి, విసవిసా అద్దం అవతలి గదిలోకి వెళ్లింది.

"ఏం మాట్లాడుతున్నావు?" అంది. "నేను వాయిస్తుంటే, ఈవిడతో ఏం కబుర్లు నీకు?"

 స్టూడియో ఆవిడ బిస్కెట్ నములుతూ, "ఆపమన్నారు" అంది.

"ఏంటి?"

"రికార్డింగ్ ఆపెయ్యమన్నారు. మీరు దారి తప్పారట. పరువు పోతుందట, చెరిపెయ్యమన్నారు. నా చెయ్యి కూడా పట్టుకోబోయారు."

"మరి?"

"నేను ఆపలేదు. ఆపమనాల్సింది మీరు కదా."

అంటే కబుర్లు కావు. కాపాడుతున్నాడు! అద్దం అవతల కూర్చోబెట్టినా కాపాడుతూనే ఉన్నాడు! కబుర్లు చెప్పుకోవడం కంటే ఇది నయమా, అధ్వాన్నమా అని ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. అధ్వాన్నమే. ఆ బట్టతలాయన అసలు వినలేదు, అంతే. ఈయన ప్రతి స్వరమూ విన్నాడు. విని కూడా, చెల్లెలు తన కాళ్ల మీద తను నిలబడగలదని ఒక్క నిమిషం నమ్మలేకపోయాడు.

"తప్పిపోయావు కదే" అన్నాడు అన్నయ్య. గొంతులో కోపం కంటే కంగారే ఎక్కువుంది. "నాకు తెలీదా? చుట్టు మొదట్లో నీకు ఏమీ తోచలేదు."

"అవును. తప్పిపోయాను."

"మరి?"

"దొరికాను కదా. నువ్వు రాకుండానే దొరికాను."

"అది సంగీతమా? ఎవర్నో తిట్టినట్టుంది."

"తిట్లే."

"ఎవర్ని?"

"ముందు నిన్ను. తర్వాత నన్ను. ఇదిగో, ఈయనక్కూడా కొంత ఉంది" అంది, అప్పుడే గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ మొగుణ్ని చూపిస్తూ. ఆయన తలొంచుకున్నాడు. "వెయ్యండమ్మా, విందాం" అంది స్టూడియో ఆవిడతో.

నలుగురూ విన్నారు. మొదటి చుట్టు సాగింది. అది చివరికొస్తుంటే అన్నయ్య చేతులు వాటంతట అవే మోకాళ్ల మీద నుంచి లేచాయి, వేళ్లు విచ్చుకున్నాయి. తీగ గర్‌మంది. రావాల్సిన పిలుపు రాలేదు. చేతులు గాల్లోనే ఉండిపోయాయి. ఆ తప్పు స్వరాలు వచ్చాయి, ఎవరు విన్నా తెలుస్తుంది తప్పులని. ఆ తర్వాత ఆ మోత మొదలైంది. అన్నయ్య చేతులు మెల్లగా కిందికి దింపుకున్నాడు. ఇక చివరిదాకా కదల్లేదు. అద్దం అవతల వాయించినది తన చెల్లెలేనా అన్నట్టు, ఆ స్పీకర్నే చూస్తూ కూర్చున్నాడు.

అయిపోయింది. కింద గాలి మిషన్ మళ్లీ మొదలైంది. ఆగింది.

"ఇంకోసారి వాయిద్దాం" అన్నాడు అన్నయ్య. ఆమెని చూడకుండా, తన గోళ్లని చూసుకుంటూ అన్నాడు. "ఈసారి నేనెక్కడ రావాలో నువ్వు చెప్పు. నువ్వు చెప్పిన చోటే వస్తాను."

ఇన్నేళ్లలో ఆయన ఆమెని ఆ మాట అడగలేదు. ఎప్పుడైనా అడుగుతాడేమోనని ఆమె జవాబు కూడా సిద్ధం చేసి పెట్టుకుంది, ఎక్కడ రావాలో, ఎంత మెత్తగా రావాలో, అన్నీ. పొద్దున అడిగి ఉంటే కాళ్ల మీద పడేది. ఇప్పుడు అడుగుతున్నాడు, మొహం వేలాడేసుకుని, చెవుల పక్క తెల్ల వెంట్రుకలతో, ముసలివాడిలా.  కాదంటే ఏమవుతుందో ఆమెకి తెలుసు. నెలల తరబడి మాటలుండవు. వదిన ఫోన్ చేసి దెప్పుతుంది. వచ్చే వారం హోటల్లో ఆ బెంచీ పక్కనే నిలబడి వాయించాలి.

కోపం తగ్గిందా అంటే, తగ్గలేదు. జాలి వచ్చి దాని పక్కన నిలబడింది, అంతే.

"ఈ పాటలో రావద్దు అన్నయ్యా" అంది.

ఇంకేమైనా అంటుందేమోనని ఆయన చూశాడు. ఆమె స్టూడియో ఆవిడ వైపు తిరిగి, "ఇదే ఉంచండి" అంది.